అబుదాబికి టాక్సీయా, డే టూరా? ముందు గంటలు లెక్కపెట్టండి

"నలుగురం మొదటిసారి దుబాయ్ వెళ్తున్నాం. అబుదాబి చూసి రావడానికి టాక్సీ చౌకా, డే టూర్ చౌకా? ధరలు ఎలా పోల్చుకోవాలి?" అని అడిగారు. నేను హన్మకొండలో లెక్కల ఉపాధ్యాయుడిని. ఈ సంక్రాంతి సెలవుల్లో మూడు రోజుల తేడాతో అదే అబుదాబికి రెండుసార్లు వెళ్ళివచ్చాను. ఒకసారి టూరు బస్సులో, రెండోసారి టాక్సీలో. కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. నలుగురికి టూరే కొంచెం చౌక. అయినా మీరు టాక్సీలోనే వెళ్ళండి.

మన దగ్గర రామప్పకో లక్నవరానికో కారు కిరాయికి మాట్లాడేటప్పుడు ఎవరూ మోసపోరు. కిలోమీటరుకు ఎంత, డ్రైవర్ బత్తా ఎంత, టోలు, పార్కింగు ఎవరివి, రాత్రి ఆలస్యమైతే అదనంగా ఏమైనా ఇవ్వాలా అని పావుగంట నిలబడి అడుగుతాం. అక్కడ ఎంతసేపు ఆగుతారని ముందే తేల్చుకుంటాం. అదే మనుషులం విమానం దిగగానే ఒక్క ప్రశ్న కూడా వేయం. హోటలు కౌంటరు మీద రంగుల కాగితం కనిపిస్తుంది, తలకు ఇంత అని ఉంటుంది, కట్టేస్తాం. నేనూ అదే చేశాను.

మేము ముగ్గురం వెళ్ళాం. నేను, నా భార్య, మా అమ్మ. అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఆమెకు బుర్జ్ ఖలీఫా మీద ఆసక్తి లేదు, బంగారం కొట్ల మీద అసలే లేదు. అబుదాబిలో 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన బాప్స్ (స్వామినారాయణ సంస్థ) హిందూ మందిరం చూడాలి, అంతే. అందులో వేంకటేశ్వరస్వామి కూడా ఉన్నాడని టీవీలో చూసిన నాటి నుంచి అదే మాట. బయలుదేరే ముందు రోజే పదకొండు రూపాయలు కొంగున ముడి వేసుకుంది. అక్కడి స్వామికి సమర్పించాలని మొక్కు.

టూరు తలకు 170 దిర్హాములు. దిర్హాము మన డబ్బులో ఇరవై నాలుగు రూపాయలకు పైనే ఉంది. "ఎక్కించుకోవడం, దింపడం, మందిరం, షేక్ జాయెద్ మసీదు, ప్రవేశాలతో సహా" అని కాగితం మీద రాసి ఉంది. ఈ 'ప్రవేశాలతో సహా' దగ్గర నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మందిరంలో ప్రవేశం ఉచితం. మసీదులోనూ ఉచితమే. రెండింటికీ ముందుగా ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకుంటే సరిపోతుంది. ఊరికే వచ్చేదాన్ని ధరలో కలిపి చూపించడం వ్యాపారం కాదు, మాయమాట. హన్మకొండలో మాకు టికెట్లు తీసిచ్చిన ఏజెంటు కూడా అలాగే 'అన్నీ కలిపి' అన్నాడు. తీరా చూస్తే ఏవేవి కలవలేదో ఒక పేజీ నిండా చిన్న అక్షరాల్లో ఉన్నాయి. 'అన్నీ కలిపి' అనే మాట వినబడితే ఆ 'అన్నీ' ఏమిటో కాగితం మీద రాయించుకోండి.

పొద్దున ఏడున్నరకు బస్సు వచ్చింది. మేము దుబాయ్‌లో దేరా అనే పేటలో దిగాం కాబట్టి మొదట ఎక్కినవాళ్ళం మేమే. తరువాత బర్ దుబాయ్, ఆ తరువాత మెరీనా, ఒక్కో హోటలు ముందు పది నిమిషాలు. అందరూ ఎక్కేసరికి తొమ్మిదిన్నర. దారిలో ఒక ఖర్జూరాల దుకాణం ముందు ఆపారు. 'ఉచిత రుచి' అన్నారు. గంట పోయింది. తిరుగు ప్రయాణంలో తివాచీలు, అత్తరు అమ్మేచోట ఇంకో ముప్పావుగంట. కొనని మమ్మల్ని గైడు చూసిన చూపు నేను మరిచిపోలేను.

మందిరం దగ్గర ఇచ్చిన సమయం నలభై నిమిషాలు. చెకింగు దాటి, ఆ విశాలమైన ఆవరణ అంతా అమ్మ మోకాళ్ళతో నడిచి లోపలికి చేరేసరికి ఇరవై అయిదు నిమిషాలు అయిపోయాయి. వేంకటేశ్వరస్వామి ముందు నిలబడి అమ్మ కొంగు ముడి విప్పడం మొదలుపెట్టింది. గట్టిగా వేసుకున్న ముడి, వేళ్ళు తిరగవు. అది సగం విడేలోపే గైడు జెండా ఊపుతూ 'టైం, టైం' అన్నాడు. అమ్మ ఆ ముడిని మళ్ళీ బిగించుకుని వెనక్కి నడిచింది. బస్సులో కూర్చున్నాక ఒక్కటే మాట అంది. "ఇంత దూరం తీసుకొచ్చి, స్వామిని కళ్ళారా చూడనివ్వరా నాయనా?"

మసీదులో గంటా పావు ఇచ్చారు. హోటలుకు చేరేసరికి రాత్రి ఏడు. పదకొండున్నర గంటల రోజులో మేము చూడదలచుకున్నవి చూసింది రెండు గంటలు కూడా కాదు, 115 నిమిషాలు.

మా పెద్దమ్మ కొడుకు పన్నెండేళ్ళుగా దుబాయ్‌లో టాక్సీ నడుపుతున్నాడు. కోరుట్ల దగ్గర పల్లె వాళ్ళది. ఆ రాత్రి వచ్చి సంగతి విని, "ఒక్క ఫోను చేయకపోయావా అన్నా" అని బాధపడ్డాడు. నన్ను గల్లీ చివరి కఫెటీరియాకు తీసుకెళ్ళి, కరక్ చాయ్ చెప్పి, టిష్యూ కాగితం మీద లెక్క వేశాడు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు లెక్కలు చెబుతున్న నాకు ఆ కాగితం మీద తప్పు దొరకలేదు.

దేరా నుంచి మందిరం వంద కిలోమీటర్లకు పైనే. అక్కడి నుంచి మసీదు ఇంకో నలభై అయిదు. మసీదు నుంచి మళ్ళీ దేరాకు దాదాపు 140. అంతా కలిపి మూడు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. మీటరు కిలోమీటరుకు రెండు దిర్హాములకు కొంచెం పైన తిరుగుతుంది. సాలిక్ అంటే దుబాయ్ రోడ్ల టోలు, ఆ గేటు దాటిన ప్రతిసారీ నాలుగు దిర్హాములు, రద్దీ వేళల్లో ఆరు, అవి ప్రయాణికులే కట్టాలి. టాక్సీని అక్కడే ఆపి ఉంచితే నిమిషానికి అర దిర్హాము. అంటే గంటకు ముప్పై. మనం భయపడేది ఈ నిరీక్షణ ఛార్జీకే, కానీ మొత్తంలో అది చిన్న భాగం. అసలు ఖర్చు దూరానిది. కాబట్టి నూట నలభై కిలోమీటర్లు వెళ్ళాక ముప్పై దిర్హాములకు చూసుకుని గంట ముందే లేచి రావడం తెలివైన పని కాదు.

మూడు రోజుల తరువాత అతని సెలవు రోజున నలుగురం బయలుదేరాం. అతని సెలవు కదా, వేరే డ్రైవరు టాక్సీ. మా వాడు ముందు సీట్లో కూర్చున్నాడు. పొద్దున ఎనిమిదికి ఎక్కి, సాయంత్రం నాలుగు దాటేసరికి గదిలో ఉన్నాం. మీటరు, సాలిక్, నిరీక్షణ అన్నీ కలిసి 790 దిర్హాములు. అదే టూరైతే నలుగురికి 680. తేడా 110, తలకు ఏడు వందల రూపాయలలోపు.

ఇప్పుడు మీ ప్రశ్నలోని రెండో భాగం, ఎలా పోల్చుకోవాలన్నది. తలకు ఎంత అని చూడకండి. మొత్తం ఖర్చును, చూడాల్సిన చోట నిజంగా గడిపిన గంటలతో భాగించండి. టూరులో 680 దిర్హాములకు 115 నిమిషాలు, అంటే గంటకు 355. టాక్సీలో 790కి మందిరంలో రెండు గంటలు, మసీదులో గంటా నలభై నిమిషాలు, అంటే గంటకు 215. ఇప్పుడు ఏది చౌక? ఒక్కరే వెళ్తే సంగతి వేరు, 790 ఒక్కరి నెత్తిన పడుతుంది. అప్పుడు కూడా నేనైతే టూరు ఎక్కను. ఇబ్న్ బతూతా స్టేషను నుంచి అబుదాబికి ఇ101 బస్సు 25 దిర్హాములే. అబుదాబిలో దిగాక అక్కడి టాక్సీ పట్టుకుంటాను. సాధారణ టాక్సీలో నలుగురే పడతారు, అయిదో మనిషి ఉంటే పెద్ద వాహనం మాట్లాడుకోవాల్సిందే. మన ఊరివాళ్ళే ఎవరైనా సొంత కారులో డబ్బులకు తిప్పుతామంటే మాత్రం ఒప్పుకోకండి. అక్కడ అనుమతి లేకుండా అలా తిప్పడం నేరం, దొరికితే ఆ పేదవాడి బతుకు మీదికి వస్తుంది.

ఆ రెండోరోజు అమ్మ తీరిగ్గా చూసింది. మందిరం గులాబీరంగు ఇసుకరాయితో కట్టారు. రాయి రాజస్థాన్ నుంచి, లోపలి పాలరాయి ఇటలీ నుంచి. యూఏఈలోని ఏడు ఎమిరేట్లకు (సంస్థానాలకు) గుర్తుగా ఏడు శిఖరాలు. అమ్మ ఒక స్తంభం దగ్గర ఆగి, ఏనుగుల వరుస మీద వేలితో గాలిలోనే రాస్తూ, "రామప్పలో కూడా ఇలాగే అడుగున ఏనుగులు బారుగా పోతుంటాయి" అంది. నేను రామప్పకు విద్యార్థులను ఎన్నోసార్లు తీసుకెళ్ళాను, 1213 నాటి గుడి అని, రేచర్ల రుద్రుడు కట్టించాడని చెబుతూనే ఉంటాను. ఏనుగుల మీద ఏనాడూ నా చూపు ఆగలేదు. తరువాత ఆమె వేంకటేశ్వరస్వామి ఎదుట కూర్చుని, ముడి విప్పి, పదకొండు రూపాయలు కానుకల పెట్టెలో వేసింది. విప్పడానికి అయిదు నిమిషాలు పట్టి ఉంటుంది. మీటరు మీద రెండున్నర దిర్హాములు.

మసీదు దగ్గర మా తమ్ముడు కొద్దిసేపు గేటు బయటే నిలబడిపోయాడు. "ఎన్నో కిరాయిలు తెచ్చి ఇక్కడ దింపాను అన్నా. లోపలికి రావడం ఇదే మొదటిసారి" అన్నాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి! లోపలి పెద్ద హాలులో చేతితో ముడులు వేసి నేసిన తివాచీ ఉంది, 5,600 చదరపు మీటర్లకు పైనే. అంత పెద్దది ప్రపంచంలో మరొకటి లేదంటారు. దాన్ని ఎంత మంది కలిసి నేశారని గైడును అడిగి, పన్నెండు వందల మంది అని విన్నాక మా వాడు చాలాసేపు మాట్లాడలేదు.

టాక్సీ ధరల గురించి మాట్లాడే మనం తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అతనికి నెల జీతం లేదు. మీటరు మీద తిరిగిన దాంట్లో కమీషనే జీతం. రోజుకు పన్నెండు గంటలు స్టీరింగు ముందు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇళ్ళు ఎన్నో ఉంటాయి, ఆ ఇంటివాళ్ళలో గల్ఫ్‌ను చూసినవాళ్ళు ఎంతమంది? మన యాత్రికులు మాత్రం అలాంటి డ్రైవరును పట్టుకుని, మీటరు తిరిగే టాక్సీలో కూడా 'తగ్గించు' అని నస పెడతారు. మీటరుకు బేరం ఉండదు. ఖర్జూరాల కొట్టుకు తీసుకెళ్ళి గంట తినేసిన టూరువాడితో ఒక్కరూ వాదించరు. నాకు ఇది అన్యాయంగా కనిపిస్తుంది.

మరీ చౌకగా ఇస్తామంటే దాని డబ్బు ఎక్కడో ఒకచోట వసూలవుతుంది. కొన్నేళ్ళ కిందట బ్యాంకాక్‌లో గ్రాండ్ ప్యాలెస్ ముందు ఒకతను "ఇవాళ మూసి ఉంది, ఇరవై బాత్‌లకు ఊరంతా తిప్పుతా" అన్నాడు. తుక్‌తుక్ ఎక్కాం. రెండు రత్నాల దుకాణాలు, ఒక దర్జీ కొట్టు చూపించాడు. ప్యాలెస్ ఆ రోజు తెరిచే ఉంది. అదే ఊళ్ళో మీటరు టాక్సీ 35 బాత్‌లతో మొదలవుతుంది. ఆ డబ్బు మొదటే పెట్టి ఉంటే ఒక పూట మిగిలేది.

దుబాయ్ విమానాశ్రయంలో టాక్సీ ఎక్కితే మీటరు 25 దిర్హాములతోనే మొదలవుతుంది. సామాను తక్కువగా ఉంటే ఒకటో, మూడో టెర్మినల్ నుంచి మెట్రో ఎక్కండి. ఎక్కడైనా కార్డు గీసేటప్పుడు రూపాయల్లోనా, దిర్హాముల్లోనా అని యంత్రం అడుగుతుంది. దిర్హాములే నొక్కండి. రూపాయలు నొక్కితే మార్పిడి రేటు వాళ్ళ ఇష్టం. అబుదాబి వెళ్ళే రోజు పొద్దున్నే బయలుదేరండి, ఆడవాళ్ళు మసీదు కోసం తల, చేతులు, కాళ్ళు పూర్తిగా కప్పే బట్టలు వేసుకోవాలి. సోమవారం మాత్రం వెళ్ళకండి. ఆ రోజు మందిరం మూసి ఉంటుంది.