ఆపిల్ టూలో ప్రోగ్రామ్ బిగుసుకుపోతే

ప్రశ్న: ఆపిల్ టూ ప్లస్ అనే పాత కంప్యూటర్‌లో, మెమరీలోని 300 అడ్రస్ దగ్గర పెట్టిన నా మెషిన్ కోడ్ (ప్రాసెసర్ నేరుగా నడిపే సూచనలు) మధ్యలో బిగుసుకుపోతోంది. వేరే సాఫ్ట్‌వేర్ లేకుండా తప్పు పట్టుకోవచ్చా?

జవాబు: తప్పకుండా పట్టుకోవచ్చు, దానికి కావాల్సిన మానిటర్ (తెర కాదు, మెమరీని చూసి మార్చే చిన్న ప్రోగ్రామ్) కంప్యూటర్‌లోని శాశ్వత మెమరీ అయిన రోమ్‌లోనే ఉంది. బేసిక్ భాషలో కాల్ -151 కొట్టండి, మానిటర్‌లోకి వచ్చినట్టు నక్షత్రం గుర్తు వస్తుంది. 300ఎల్ అని కొడితే 20 సూచనలు అసెంబ్లీ రూపంలో, అంటే అంకెలకు బదులు చిన్న పేర్లతో, కనిపిస్తాయి. అనుమానమున్న సూచన మొదటి బైట్‌ను కాగితం మీద రాసుకుని, ఆ చోట ప్రోగ్రామ్‌ను ఆపే సూచన అయిన 00 పెట్టి 300జీతో నడపండి. అక్కడిదాకా సరిగ్గా వస్తే ఆగిపోయి ఏ, ఎక్స్, వై రిజిస్టర్లలో (ప్రాసెసర్ లోపల విలువలు ఉండే చోట్లు) ఏముందో చూపిస్తుంది, అసలు ఆధారాలు వాటిలోనే దొరుకుతాయి. మళ్లీ బిగుసుకుపోయిందంటే తప్పు అంతకంటే ముందే ఉంది, రీసెట్ నొక్కి, మళ్లీ కాల్ -151 కొట్టి, పాత బైట్ తిరిగి పెట్టేసి, 00ను ఇంకాస్త వెనక్కి జరపండి. ఆగినప్పుడు చూపించే అడ్రస్ 00 ఉన్న చోటు కంటే రెండు ఎక్కువగా ఉంటుంది, టెన్షన్ పడకండి. 1977 నాటి మొదటి మోడల్‌లో స్టెప్ (ఒక్కో సూచనా నడపడం), ట్రేస్ (వరసగా నడుపుతూ ప్రతి సూచననూ చూపించడం) ఉండేవి, ప్లస్‌లో తీసేశారు, నా దృష్టిలో అది పెద్ద లోటే.