మీటరు 14 శాతమే, మరి ఈ చిటపటలేంటి?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటలు రికార్డు చేస్తుంటాను. గొంతు ట్రాక్‌లో ఈక్వలైజర్లు (బేస్, ట్రెబుల్ సర్దే ఫిల్టర్లు) ఒకదాని వెనక ఒకటి పెట్టుకుంటూ పోతే హెడ్‌ఫోన్స్‌లో చిటపట మొదలవుతోంది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే సీపీయూ 14 శాతమే! ల్యాప్‌టాప్ మార్చాలా? ఇది ఎన్ని ఫిల్టర్లు మోయగలదో తెలుసుకునేదెలా?

జవాబు: అప్పుడే డబ్బు తీయకండి. ఆ 14 శాతం సగటు లెక్క. ఎనిమిది లాజికల్ ప్రాసెసర్లున్న మెషీన్లో ఒకటి పూర్తిగా నిండినా అక్కడ కనిపించేది 12.5 శాతమే. గొలుసులా పెట్టిన ఫిల్టర్లలో మొదటిది పని ముగించి ఇస్తే తప్ప రెండోది మొదలుపెట్టలేదు. అందుకే మిగతా కోర్లు ఖాళీగా ఉన్నా సాయానికి రావు.

పైగా గడువొకటి. 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల శాంపిళ్ల (శబ్దపు కొలతల) వేగంలో, బఫర్ (ఒక విడతలో లెక్కించే ముక్క) 128 శాంపిళ్లయితే, 2.67 మిల్లీసెకన్లకోసారి గొలుసు మొత్తం పూర్తవ్వాలి. ఒక్కసారి తప్పినా చెవికి దొరికిపోతుంది.

పరీక్ష ఇలా చేయండి. కొత్త ట్రాక్‌లో ముందు నాయిస్ జనరేటర్, దాని వెనక ఈక్వలైజర్ పెట్టండి. స్పీకర్ల వాల్యూమ్ బాగా తగ్గించుకోండి, లేకపోతే ఇంట్లోవాళ్లు ఊరుకోరు. ట్రాక్‌ని రికార్డ్ ఆర్మ్ చేసి (రికార్డింగ్‌కి సిద్ధంగా ఉంచి) మానిటరింగ్ ఆన్ చేయాలి. లేదంటే రీపర్ ఆ పని ముందుగానే చేసిపెట్టుకుంటుంది, అసలు బరువు బయటపడదు. ఈక్వలైజర్ బ్యాండ్లన్నీ (ఒక్కోటి ఒక్కో ఫ్రీక్వెన్సీ ప్రాంతం) సున్నా డెసిబెల్ దగ్గర వదిలేయొద్దు. కొన్ని ప్లగిన్లు (రీపర్‌లో చేర్చుకునే ఇలాంటి చిన్న ప్రోగ్రాములు) అలాంటివాటిని లెక్కే చేయవు. తలా కొంచెం పెంచండి, తగ్గించండి. ఇక ఐదేసి ఈక్వలైజర్ల చొప్పున కలుపుతూ వ్యూ మెనూలోని పర్ఫార్మెన్స్ మీటర్‌లో 'ఆర్‌టీ సీపీయూ' (ఆ గడువులో ఎంత భాగం ఖర్చవుతోందో చెప్పే) అంకె చూడండి. ఛార్జర్ పెట్టి, కనీసం పది నిమిషాలు నడవనివ్వండి. వేడెక్కాక ల్యాప్‌టాప్ వేగం తగ్గించుకుంటుంది, కాబట్టి మొదటి నిమిషం అంకెని నమ్మలేం.

నాకైతే అనుమానం మామూలు ఫిల్టర్ల మీద లేదు. ఈక్వలైజర్లో ఒక్కో బ్యాండ్‌కి మామూలుగా వాడే బైక్వాడ్ ఫిల్టర్‌కి శాంపిల్‌కి ఐదు గుణకారాలు, నాలుగు కూడికలు. స్టీరియోలో వంద పెట్టినా సెకనుకి 8.64 కోట్ల లెక్కలు. గిగాహెర్ట్జ్‌ల ప్రాసెసర్‌కి అదో బరువా? మీ ఈక్వలైజర్‌లో చాలా ఎక్కువ లెక్కలు అడిగే లీనియర్ ఫేజ్, ఓవర్‌శాంప్లింగ్ సెట్టింగులు ఆన్‌లో ఉన్నాయేమో చూడండి. ముందు వాటిని ఆపి, మళ్లీ కొలవండి.

ఇంకొకటి. నాయిస్ ఆపేశాక కూడా మీటర్ చూస్తూ ఉండండి. లోడ్ తగ్గాల్సింది పోయి పెరిగితే అది డీనార్మల్ అంకెల గొడవ. ఫిల్టర్ లోపల మిగిలిన విలువలు చిక్కి చిక్కి సున్నా అంచుకి చేరతాయి. అంత చిన్న అంకెలతో లెక్క చాలా ప్రాసెసర్లకి నిదానం. ఈ తరం ప్లగిన్లు సాధారణంగా వాటిని నేరుగా సున్నా చేసేస్తాయి. మీదేదైనా పాత ఉచిత ప్లగిన్ అయితే, ముందు దాన్ని తీసేసి చూడండి.

ప్రశ్న: టీన్సీ 4.0 అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులో ఇదే కొలవాలంటే?

జవాబు: అక్కడ ఇంకా సులువు. దాని ఆడియో లైబ్రరీలోనే 'ఆడియో ప్రాసెసర్ యూసేజ్ మ్యాక్స్' ఫంక్షన్ ఉంది. సీరియల్ మానిటర్‌లో ప్రింట్ చేసుకోండి. ఒక్కో బైక్వాడ్ ఆబ్జెక్టులో నాలుగు స్టేజీల (వరస ఫిల్టర్ల) దాకా పడతాయి. ఫిల్టర్లు కలిపిన ప్రతిసారీ ఆ గరిష్ఠ విలువని రీసెట్ చేయడం మరవకండి, పాత అంకె అలాగే ఉండిపోతుంది.