పాత ఇల్లు, కొద్దిపాటి డబ్బు: మేనకోడలికి ఒక లేఖ

చి.ల.సౌ. అమ్మాయికి మేనమామ దీవించి వ్రాయునది.

విశాఖ చినవాల్తేరులో మీరు కొన్న ఇంటి ఫొటోలు చూశాను. దాచుకున్నదంతా కొనుగోలుకే అయిపోయిందనీ, మిగిలిన కొద్ది డబ్బుతో హాలుకు రంగులు, ఫాల్స్ సీలింగు వేయించాలనుకుంటున్నామనీ వ్రాశావు. ఆ రెండూ ఇప్పుడు వద్దు. సముద్రానికి అంత దగ్గరగా ఉన్న ఇంటికి మొదటి ఖర్చు నీటిని, తుప్పును ఆపడానికే పెట్టాలి. కంటికి కనిపించే అందం ఆ తరువాత చవకగానే వస్తుంది.

హాలు గోడ మీద తెల్లటి పొడిలా రాలుతున్నది ఉప్పు. గోడలో చేరిన తేమ ఆరేటప్పుడు ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాలను పైకి తెచ్చి వదులుతుంది కనుక, ఆ తేమ వచ్చే దారి మూయకుండా ఎంత ఖరీదైన ఎమల్షన్ రంగు పూసినా పొక్కులు లేచి ఊడిపోతుంది. కాబట్టి ఎండలు ఉండగానే డాబా తూములు శుభ్రం చేయించి, పిట్టగోడ మొదట్లోని పగుళ్లు పూడ్పించి, వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించు. అది ఆరిన తరువాత తూములు మూసి, ఒక పగలూ ఒక రాత్రీ నీళ్లు నిలబెట్టి, కింద చెమ్మ దిగలేదని చూసుకునే దాకా మేస్త్రీకి పూర్తి డబ్బు ఇవ్వకు. గోడల రంగులు అక్టోబరు, నవంబరు తుఫానులు దాటాక, గోడ బాగా ఆరినప్పుడు చూసుకోవచ్చు.

గేటూ కిటికీ ఊచలూ మార్చేయాలని వెల్డింగు వాళ్లు అంటారు. ఊచ సన్నబడనంత వరకు ఆ అవసరం లేదు. తీగ బ్రష్షుతో, ఎమరీ కాగితంతో తుప్పు గీకి, మంచినీటితో ఉప్పు కడిగి, పూర్తిగా ఆరగానే తుప్పును ఆపే అడుగు పూత రెడాక్సైడ్ ప్రైమరు, దానిపైన రెండు పూతల ఎనామిల్ రంగు వేస్తే చాలు. ఇది మీ ఇద్దరూ స్వయంగా చేసుకోదగిన పని. కూలి ఇచ్చి చేయిస్తే మాత్రం ప్రైమరు ఎగ్గొట్టకుండా పక్కన నిలబడాలి.

ఇక డాబా మీద తోట. తడిమట్టి ఘనమీటరుకు టన్నున్నర పైగానే తూగుతుంది కాబట్టి పాత శ్లాబు మీద మట్టి మడులు కట్టించకుండా, మట్టి, కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, పాత పెయింటు బకెట్లను బాగా కడిగి, అడుగున చిల్లులు పెట్టి నింపు. వాటిని నడుమ కాకుండా కింద గోడలున్న అంచుల వెంట, ఇటుక ముక్కల మీద ఎత్తి పెట్టు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మట్టి అని ఎవరైనా తెస్తే ఎంత చవకైనా తీసుకోవద్దు. అది భూవారసత్వ స్థలం, అంటే తవ్వకుండా కాపాడుకోవలసిన అరుదైన నేల.

బండి మీద పూసి ఉన్న మొక్కలు చూస్తే నీకు చేయి ఆగదని తెలుసు. మందారం, నందివర్ధనం, కాగితంపూలు కొమ్మలు గుచ్చితేనే వస్తాయి, ఇరుగుపొరుగును అడుగు. తోటకూర, గోంగూర, బచ్చలి మొదలుపెడితే నెల, రెండు నెలల్లోనే వంటింటికి ఆకు అందుతుంది. గన్నేరు ఉప్పుగాలికి తట్టుకుంటుంది గానీ విషం. పసివాడు ఉన్న ఇంట్లో వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి చెట్లను ఏం చేసిందో నువ్వూ చూశావు కనుక పాదుల పందిరిని విప్పడానికి వీలుగా తాళ్లతోనే కట్టు. తుఫాను హెచ్చరిక వినగానే పిట్టగోడ మీది కుండీలన్నీ కిందికి దించండి.

చిక్కుడు విత్తనాలు ఆషాఢంలోగా పంపుతాను. అల్లుడుగారికి నా ఆశీస్సులు.