పాత పోర్షే కొనమంటారా?

ప్రశ్న: ఆస్టిన్‌లో ఉంటాను. 2003 నాటి పోర్షే బాక్స్‌టర్, మాన్యువల్ గేర్లది, కొత్త క్యామ్రీలో సగం ధరకే వస్తోంది. మా ఆవిడ ‘తెల్ల ఏనుగు’ అంటోంది. కొనవచ్చా?

జవాబు: కొనండి. కానీ కారు ధర చూసి ఖర్చు లెక్కేయకండి. కారు చవకైంది గానీ స్పేర్ పార్ట్‌లు చవకవలేదు. ఆయిల్ మార్చాలంటేనే దాదాపు 9 లీటర్లు పోయాలి. ముందు, వెనక టైర్ల సైజులు వేరు కాబట్టి అటువి ఇటు వేసుకోవడం కుదరదు. వెనకవేమో త్వరగా అరుగుతాయి.

అసలు టెన్షన్ ఐఎంఎస్ బేరింగ్‌తో, అంటే ఇంజన్ లోపల తిరిగే ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే కడ్డీకి ఉండే బేరింగ్‌తో. అది పోతే చాలాసార్లు ఇంజన్ కూడా పోతుంది. గేర్‌బాక్స్ దింపితే గాని దాన్ని అందుకోలేరు. అందుకే క్లచ్ వేయించేటప్పుడే దాన్నీ మార్పిస్తారు. అమ్మే ఆయన్ని ఆ బిల్లు అడగండి. ‘కండిషన్ సూపర్’ అన్న మాటకు నేనైతే పైసా ఇవ్వను.

చెట్టు కింద పెట్టకండి. మడిచే టాప్ (పైకప్పు) దగ్గర నీళ్లు బయటికి పోయే డ్రెయిన్లలో ఆకులు ఇరుక్కుంటే వాన నీళ్లు సీటు కింది కంప్యూటర్ దాకా వస్తాయి.

ఇంత తలనొప్పి ఎందుకంటారా? ఇంజన్ మీ వీపు వెనకే ఉంటుంది. పొద్దున్నే ఎండ ముదరకముందు టాప్ దించి ఆస్టిన్ పక్కనున్న హిల్ కంట్రీ కొండల మలుపుల్లో మూడో గేర్‌లో లాగండి, ఆరు సిలిండర్ల మోత చెవుల్లోనే వినిపిస్తుంది. డిక్కీలు రెండు, ముందొకటి, వెనకొకటి. నేను బియ్యం బస్తా ముందుదాంట్లోనే తెస్తాను! సీట్లు మాత్రం రెండే, పిల్లలుంటే ఇంకో కారు తప్పదు.