ఖాళీ స్థలంలో కలుపు: నోటీసు వచ్చాక చేయవలసినవి

ప్రశ్న: ఇల్లు కట్టుకుందామని కొన్న స్థలాన్ని ఉద్యోగాల వల్ల చూసుకోలేకపోయాము. అందులో నడుమెత్తు పిచ్చిమొక్కలు పెరిగాయని, పదిహేను రోజుల్లో తొలగించకపోతే తామే తొలగించి ఖర్చు వసూలు చేస్తామని పురపాలక సంఘం నోటీసు పంపింది. మూలనున్న పెద్ద చెట్టు కొమ్మలు పక్కింటి మీదికి వాలాయి. జేసీబీతో అంతా చదును చేయించి తగలబెట్టిస్తే సరిపోతుందా?
— ఒక పాఠకురాలు

జవాబు: దయచేసి తగలబెట్టించకండి, చెట్టును ఇప్పుడే కొట్టించకండి. కలుపు తీయించడం యజమాని బాధ్యత, ఆయన ఏ ఊళ్లో ఉన్నా సరే. చెట్టు కొట్టడానికి మాత్రం, అది సొంత స్థలంలోనే ఉన్నా, చాలాచోట్ల ముందస్తు అనుమతి కావాలి. ఆరుబయట చెత్త కాల్చడాన్నీ అనేక స్థానిక సంస్థలు నిషేధించాయి.

ముందుగా నోటీసులో ఏ నిబంధనను పేర్కొన్నారో, మొక్కలు ఎంత ఎత్తు దాటకూడదన్నారో, అభ్యంతరం ఎవరికి తెలపాలో చూడండి. గడువు చాలదనుకుంటే అది ముగిసేలోపే లిఖితపూర్వకంగా అడగండి. పని కాకముందు, అయిన తరువాత తీసిన ఫొటోలు దగ్గర ఉంచుకోండి. వాళ్లు చేయించిన పని ఖర్చు మీరు కట్టకపోతే, దానిని ఆస్తిపన్ను బకాయిలో కలిపే పద్ధతి చాలాచోట్ల ఉంది.

జేసీబీ విషయంలో నా అభిప్రాయం గట్టిది. నేలను బోడిచేస్తే వానకు పైమట్టి కొట్టుకుపోతుంది, ఆ ఖాళీలో మొదట మొలిచేది వయ్యారిభామే. క్యారెట్ ఆకుల్లా చీలిన ఆకులు, మిరియపు గింజంత తెల్లని పూలు ఉండే ఆ మొక్క ఒక్కటే వేల విత్తనాలు రాలుస్తుంది. తాకితే కొందరికి చర్మంపై దద్దుర్లు లేస్తాయి, పుప్పొడితో ఆయాసం వస్తుంది. కాబట్టి పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతి తొడుగులు వేసుకుని వేరుతో సహా పీకించండి. మిగిలిన గడ్డిని చీలమండ ఎత్తున కోయించి ఉంచితే అదే కొత్త కలుపును చాలావరకు అణచివేస్తుంది.

కొమ్మల గురించి పక్కింటివారితో మీరే ముందుగా మాట్లాడటం మంచిది. తమ హద్దులోకి వచ్చిన కొమ్మను హద్దు వరకు పొరుగువారు కత్తిరించుకోవచ్చని ఇంగ్లండులో లెమన్, వెబ్ వ్యాజ్యంలో 1894లోనే తీర్పు వచ్చింది. అయితే మీ ప్రాంతపు చెట్ల నిబంధనలు కూడా వర్తిస్తాయి. గూళ్లు లేవని చూసుకుని, పని తెలిసినవారితో కొమ్మ మొదలు దగ్గర, బెరడు చీలకుండా కోయించండి.