కార్బురేటర్ కారుకి కంపెనీ ఇంజెక్షన్: పాత పంపు, పాత ట్యాంకు ఉంచుకోవచ్చా?

అదే ఇంజిన్ తరవాతి మోడల్‌లో ఇంజెక్షన్‌తో వచ్చింది కాబట్టి దాని మానిఫోల్డు (ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే గొట్టాల దిమ్మ), ఇంజెక్టర్లు, ఈసీయూ (ఇంజెక్షన్‌ని నడిపే కంప్యూటరు) తెచ్చి బిగిస్తే చాలా, పాత పంపు, ట్యాంకు అలాగే ఉంచొచ్చా అని అడిగారు. మానిఫోల్డు బిగించడం ఒక పూట పని. కష్టమంతా పెట్రోలు లైన్లలో, వైరింగులో ఉంటుంది.

కార్బురేటర్‌కి పెట్రోలు ప్రెషర్ 3 నుంచి 6 పీఎస్‌ఐ సరిపోతుంది. మల్టీపాయింట్ ఇంజెక్షన్‌కి (సిలిండరుకో ఇంజెక్టర్ ఉండేదానికి) ఎక్కువగా 2.5 నుంచి 3 బార్, అంటే 36 నుంచి 44 పీఎస్‌ఐ కావాలి. పాత పంపు అంత ఇవ్వలేదు, పాత రబ్బరు గొట్టాలూ, మామూలు క్లిప్పులూ అంత తట్టుకోలేవు. ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని అచ్చువేసిన గొట్టం, అంచు మడిచిన ఇంజెక్షన్ క్లిప్పులు వాడండి.

కార్బురేటర్‌లో ఫ్లోట్ బౌల్ అనే చిన్న పెట్రోలు గిన్నె ఉంటుంది కాబట్టి మలుపులో ట్యాంకులో పెట్రోలు పక్కకి ఒరిగినా ఇంజిన్‌కి తెలియదు. ఇంజెక్షన్‌కి ఆ నిల్వ లేదు. ట్యాంకు పావు వంతుకి దిగాక ఒక్క క్షణం గాలి పీల్చినా ఇంజిన్ దగ్గుతుంది. లోపల అడ్డుగోడలు లేని ట్యాంకైతే ఒక లీటరు సర్జ్ ట్యాంకు (ఎప్పుడూ నిండుగా ఉండే చిన్న నిల్వ ట్యాంకు) పెట్టండి. మీ పాత పంపు అక్కరకొచ్చేది ఇక్కడే: అది సర్జ్ ట్యాంకుని నింపుతుంది, హై ప్రెషర్ పంపు దాని అడుగు నుంచి తీసుకుంటుంది, ప్రెషర్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ వదిలే మిగులు పెట్రోలు (రిటర్న్) మళ్ళీ అందులోకే వస్తుంది, మిగిలింది పైనుంచి ట్యాంకుకి పోతుంది. హై ప్రెషర్ పంపు తొయ్యడంలో గట్టిది, లాగడంలో కాదు. దాన్ని కిందుగా బిగించండి. సన్నని పేపర్ ఫిల్టర్ పంపు తరవాతే ఉండాలి. ముందు పెడితే పంపు కీచుమంటూ త్వరగా పోతుంది, అక్కడికి ముతక జాలీ చాలు.

రిటర్న్ లైను సన్నదైతే ఐడిల్‌లో ప్రెషర్ పెరిగి నల్ల పొగ వస్తుంది. చాలామంది అప్పుడు ఇంజెక్టర్లని అనుమానిస్తారు, పాపం. గేజి పెట్టి, రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం ఊడదీయండి: ఐడిల్‌లో తగ్గి ఉన్న ప్రెషర్ సుమారు అర బార్ పెరిగి, రెగ్యులేటర్‌కి రాసిన అంకెకి రావాలి.

సామాను విడిగా ఏరకండి, వీలైతే పాడైన కారు మొత్తంగా కొనండి. హార్నెస్ (వైర్ల కట్ట) కోయకుండా, ప్రతి వైరు ప్లగ్గుకీ చీటీ కట్టి తియ్యాలి. ఇమ్మొబిలైజర్ (సొంత తాళంచెవి లేకుండా ఇంజిన్‌ని నడవనివ్వని దొంగతనం అడ్డు) ఉన్న మోడలైతే తాళంచెవి, దాన్ని గుర్తుపట్టే యాంటెనా రింగు, ఇమ్మొబిలైజర్ పెట్టె కూడా వెంట రావాలి. లేకపోతే స్టార్టర్ తిరుగుతుంది గాని ఇంజిన్ అందుకోదు. క్రాంక్ సెన్సర్ పళ్ళ చక్రంలో ఖాళీ ఉన్న చోటు టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే స్థానానికి) ఆ కారులో ఎంత కోణంలో ఉందో ఇక్కడా అంతే ఉండాలి. ఫ్లైవీల్ మీదే పళ్ళుంటే, సరిపోయేట్టయితే అదే ఎక్కించడం మేలు.

పంపుని నేరుగా ఇగ్నిషన్‌కి కలపొద్దు. ఈసీయూ నడిపే రిలే ద్వారానే ఇవ్వండి, ఇనర్షియా స్విచ్చి (గట్టి కుదుపుకి కరెంటు ఆపేసేది) చేర్చండి. గుద్దుకుని ఇంజిన్ ఆగినప్పుడు పంపు కూడా ఆగాలి. రెసిస్టర్ లేని స్పార్క్ ప్లగ్గులు, రాగి తీగల లీడ్లు వాడితే వాటి విద్యుత్ రొద సెన్సర్ తీగల్లోకి దూరి ఇంజిన్ తడబడుతుంది. డైనమో కారైతే ఆల్టర్నేటర్ తప్పనిసరి.

గాలిని కొలిచే మీటర్ ఉన్న సిస్టమైతే నూనె పోసే మూత, డిప్‌స్టిక్ సీలు కూడా బిగుతుగా ఉండాలి. మీటర్ దాటి వచ్చిన గాలి లెక్కలోకి రాదు, పెట్రోలు తక్కువై మిశ్రమం పలచబడుతుంది. ఆక్సిజన్ సెన్సర్ ముందు ఎగ్జాస్టు లీకైతే కథ తిరగబడుతుంది: ఈసీయూ మిశ్రమం పలచగా ఉందనుకుని ఇంకా పెట్రోలు పోస్తుంది.

మీ ఇంజిన్‌లో రేసు కామ్ (వాల్వులని ఎక్కువసేపు తెరిచి ఉంచే రేసింగ్ కామ్‌షాఫ్టు) ఉంటే మాత్రం కంపెనీ ఈసీయూ లెక్క కుదరదు. కామ్ మామూలుదానికి మార్చండి, లేదా ట్యూన్ చేసుకునే ఈసీయూ తీసుకోండి.