అమ్మకు 30కి 19 మార్కులే వచ్చాయి.. రీసెర్చ్‌లో చేర్పించమంటున్నారు, చేర్పించాలా?

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. చదువుకోలేదు. ఏడాదిగా చెప్పిన మాటే మళ్లీ మళ్లీ చెబుతోంది, వస్తువులు ఎక్కడ పెట్టిందో మర్చిపోతోంది. ఆసుపత్రిలో ఏవో ప్రశ్నలు అడిగి 30కి 19 మార్కులు వేశారు. డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గిపోయే జబ్బు, కావచ్చన్నారు. ఒక పరిశోధనలో చేర్పిస్తారా అని కూడా అడిగారు. చదువురానివాళ్లు ఇలాంటివాటిలో చాలా తక్కువగా ఉంటున్నారట. అమ్మ మీద ప్రయోగాలు చేస్తారేమోనని మా అన్నదమ్ములందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ 19 సంగతి చూద్దాం. ఇలాంటి 30 మార్కుల పరీక్షల్లో బాగా వాడుకలో ఉన్నది ఎంఎంఎస్‌ఈ. 1975లో అమెరికాలో తయారైంది. అందులో వంద నుంచి ఏడు చొప్పున ఐదుసార్లు తీసివేయమంటారు. దానికి 5 మార్కులు. కాగితం మీద ఉన్నది చదివి అలా చేయడం, సొంతంగా ఒక వాక్యం రాయడం, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొచ్చిన రెండు పంచభుజాలను చూసి గీయడం, వీటికి ఒక్కో మార్కు. అంటే బడి మొహం చూడని మనిషికి జ్ఞాపకశక్తి భేషుగ్గా ఉన్నా 8 మార్కులు చేజారిపోవచ్చు.

నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ పెన్నును పిడికిలితో పట్టుకున్నారు. జీవితంలో పెన్ను పట్టడం అదే మొదటిసారట. బొమ్మ గీయలేక సిగ్గుపడిపోయారు. ఆ తర్వాత మాటల్లో పెట్టి అడిగితే తన మనవళ్లు, మనవరాళ్లు ఎవరి తర్వాత ఎవరు పుట్టారో పొల్లుపోకుండా చెప్పారు. ఆ పరీక్షలో దానికి మార్కుల్లేవు.

1993లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఈ ఎంఎంఎస్‌ఈలో 18 వేల మందికి పైగా వయోజనులకు వచ్చిన మార్కులు చూశారు. తొమ్మిదేళ్లు, అంతకు మించి చదివినవాళ్లలో సరిగ్గా మధ్యన నిలిచిన మార్కు 29. నాలుగేళ్లు లేదా అంతకన్నా తక్కువ చదివినవాళ్లలో అది 22. మీ అమ్మగారి 19ని 29 పక్కన పెడితే గుండె గుభేలుమంటుంది. 22 పక్కన పెడితే అనుమానించాలి గానీ తేల్చేయకూడదు.

అలాగని కొట్టిపారేయకండి. ఏడాదిగా చెప్పిందే చెబుతున్నారన్న మీ మాటకు నేను ఆ మార్కు కన్నా ఎక్కువ విలువ ఇస్తాను. మతిమరుపుకు వేరే కారణాలూ ఉండొచ్చు. అందుకే బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. నిద్రమాత్రలు వాడుతున్నారా, ఆ మధ్య పడి తలకు దెబ్బ తగిలిందా, దిగులుగా ఉంటున్నారా అన్నది డాక్టరుకు చెప్పండి. వినికిడి, చూపు సరిచేయించాకే మళ్లీ పరీక్ష పెట్టమనండి. వినపడని ప్రశ్నకు ఎవరైనా ఏం జవాబిస్తారు? చదువు, భాష ప్రభావం తక్కువగా ఉండేలా ఆస్ట్రేలియాలో తయారుచేసిన రూడాస్ అనే పరీక్ష ఉంది. అందులో చదవడం, రాయడం ఉండదు. రోడ్డు ఎలా దాటుతారు లాంటి ప్రశ్నలుంటాయి. అదీ అడగండి.

ఇక పరిశోధన విషయం. మీ అమ్మగారి లాంటివాళ్లు అందులో లేకపోవడం వల్లే ఈ 19 గొడవంతా వచ్చింది. కొలబద్ద ఒకరిని చూసి చేశారు, కొలిచేది ఇంకొకరిని. డిమెన్షియా ఉన్నవాళ్లు 2021 నాటికి ప్రపంచంలో 5.7 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్లలో 60 శాతానికి పైగా పేద, మధ్య ఆదాయ దేశాల్లోనే ఉన్నారు. పరిశోధన మాత్రం ఎక్కువగా ధనిక దేశాల్లో, చదువుకున్న తెల్లజాతి వాళ్ల మీద జరిగింది.

కొత్తవాళ్లను చేర్చుకున్నప్పుడల్లా కొత్త సంగతి బయటపడింది. నైజీరియాలోని ఇబాదాన్‌లో యోరుబా తెగవాళ్లను, అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఆఫ్రికన్ అమెరికన్లను ఒకే పద్ధతిలో పరీక్షిస్తే, 65 దాటినవాళ్లలో ఏటా కొత్తగా డిమెన్షియా వచ్చేది ఇబాదాన్‌లో 1.35 శాతం, ఇండియానాపొలిస్‌లో 3.24 శాతం అని 2001లో తేలింది. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్ ముప్పు పెంచే ఏపీఓఈ4 జన్యురూపం కూడా అందరిలో ఒకేలా పనిచేయదు. జపాన్ వాళ్లలో దాని ప్రభావం ఎక్కువ, ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో తక్కువ. హైదరాబాద్‌లో 648 మంది డిమెన్షియా రోగులను చూసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. చదువుకున్నవాళ్లను మాత్రమే తీసుకుని ఉంటే ఆ తేడా చదువు వల్ల వచ్చిందా, భాషల వల్ల వచ్చిందా అన్నది తేల్చడం కష్టమయ్యేది.

చదువురానివాళ్ల లాంటి వర్గాలు పరిశోధనలకు ముందుకు రావంటారు కొందరు పరిశోధకులు. నాకు ఆ మాట మింగుడుపడదు. ప్రతిసారీ వెంట ఒక మనిషి రావాలి, పని మానుకుని పగటిపూట రావాలి, ఫలానా భాష రావాలి, షుగర్, పక్షవాతం లాంటివి ఉండకూడదు అని నిబంధనలు పెట్టి, ఆనక రాలేదంటే ఎలా? భయానికీ కారణాలున్నాయి. అమెరికాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతి పురుషులకు మందు దొరుకుతున్నా ఇవ్వకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. మీ టెన్షన్‌ను నేను తప్పుపట్టను.

అయితే మిమ్మల్ని అడిగింది ఏ రకం పరిశోధనో ముందు తెలుసుకోండి. ప్రశ్నలు, రక్త పరీక్ష, స్కాన్‌తో ఏళ్ల తరబడి గమనించే అధ్యయనమైతే ప్రమాదం తక్కువే. మందు ప్రయోగమైతే ఆచితూచి అడుగేయాలి. కొందరికి అసలు మందు కాకుండా ఉత్తుత్తి మందు ఇస్తారు, ఎవరికి ఏది వస్తుందో ముందు చెప్పరు. అల్జీమర్స్‌కు ఇచ్చే లెకానెమాబ్ లాంటి మందులతో మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే అవకాశం ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఏపీఓఈ4 వచ్చి రెండు కాపీలూ ఉన్నవాళ్లకు ఆ ముప్పు మరీ ఎక్కువ. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, ఏదైనా తేడా వస్తే వైద్యం ఖర్చు ఎవరిది, రానూపోనూ ఖర్చులిస్తారా, ఫలితాలు మీకు చెబుతారా అని మొహమాటం లేకుండా అడగండి. మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు. దానివల్ల మామూలు వైద్యానికి ఏ లోటూ రాకూడదు.

మీ ఉత్తరంలో నాకు కనిపించనిది ఒకటుంది. అన్నదమ్ముల మాట ఉంది గానీ అమ్మగారి మాట లేదు. 19 వచ్చినంత మాత్రాన నిర్ణయం తీసుకునే శక్తి పోయినట్టు కాదు. చదువురానివాళ్లకు సమ్మతి పత్రాన్ని వాళ్ల భాషలో చదివి వినిపించి, ఆ పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి. ఆమె హుషారుగా ఉండే వేళ చూసి, మీరే ఒకసారి నిదానంగా చెప్పి చూడండి. ఏం చేస్తారో, ఎన్నిసార్లు రావాలో ఆమె తన మాటల్లో తిరిగి చెప్పగలిగితే, అవునన్నా కాదన్నా అది ఆమె నిర్ణయమే. చెప్పలేకపోయినా, వద్దని చెయ్యి వెనక్కి లాక్కుంటే మాత్రం ఆగిపోండి.